చీరకు మంచి దిక్కు

...అయినా ఒక గీతను పదకొండు మంది కలిసి గీయాలంటే పెన్సిలును ఎవరు ఎక్కడ పట్టుకోవాలన్నది లక్ష్మీరాజానికి ఇంకా అంతుపట్టలేదు. కొసన ఒకరు, నడుమ ఒకరు, మొదట ఒకరు పట్టుకున్నా ముగ్గురికి మించి జాగా చాలదు. మిగతా ఎనిమిది మంది ఏం చేస్తారు? పట్టుకున్నవాళ్ల మోచేతులు పట్టుకుంటారా? అప్పుడు వచ్చేది గీత కాదు, వణుకు. ఆ వణుకునే డిజైన్ అంటారేమో. ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి హాలంతా చప్పట్లు మోగాయి. అతనూ కొట్టాడు. దేనికి కొట్టాడో తర్వాత తెలిసింది.

సిరిసిల్లలోని ఆ మీటింగు హాల్లో మంత్రిగారు అప్పుడే ఒక చారిత్రక ప్రకటన చేశారు. ఇకమీదట ప్రభుత్వం పంచే పండుగ చీరకు ఏ ఒక్కరూ ఒంటరిగా డిజైన్ గీయరాదు.

"ఒక్కడు మూలకు గూసొని గీసుకునుడంటే ఏంది? గది దొరతనం," అన్నారు మంత్రిగారు. "గీత గీసే హక్కు అందరిది. జగిత్యాలోళ్లు గియ్యాలె, కోరుట్లోళ్లు గియ్యాలె, సిరిసిల్లోళ్లు గియ్యాలె. గప్పుడే గది ప్రజల చీర అయితది."

మంత్రిగారికి చీరల మీద ఉన్న అవగాహన అసాధారణమైనది. అంతకుముందు ఆయన చూసిన శాఖ చేపలది. చెరువులో చేపలు గుంపుగా ఈదడం గమనించినప్పుడే ఆయనకు ఈ ఆలోచన తట్టిందని మిషన్ డైరెక్టరు కరుణాకర్ సార్ విలేకరులకు వివరించారు. ఏ చేపా ఒంటరిగా ఎటు పోవాలో నిర్ణయించదు. అందుకే చేపల్లో తప్పుడు డిజైన్లు లేవు.

ఆ విధంగా 'సమష్టి సృజన మిషన్' పుట్టింది. దానికి పదకొండు మంది కమిటీ. పైన కరుణాకర్ సార్. జగిత్యాల తరఫున మామిడి రైతుల సంఘం అధ్యక్షురాలు సుమిత్ర. కోరుట్ల తరఫున పార్టీ పట్టణ నాయకుడు వీరేందర్. మరో ఏడుగురు ఆ ఇద్దరి కార్లలో వచ్చినవాళ్లు. వాళ్లెవరో చివరిదాకా ఎవరూ అడగలేదు గాని, కోరం నిండేది వాళ్ల వల్లే. పదకొండో పేరు లక్ష్మీరాజానిది. హోదా దగ్గర 'టెక్నికల్' అని రాశారు. ఆ రోజు నుంచి అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలిచారు.

లక్ష్మీరాజం ముప్పై ఏళ్లుగా మూలకు కూర్చుని గీసుకునే మనిషి. కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద గ్రాఫు కాగితం, చెవి మీద పెన్సిలు. గ్రాఫులో ఒక గడి అంటే చీరలో ఒక పోగు. అతను గడి నింపితే ఎక్కడో సాంచా మీద, అంటే మరమగ్గం మీద, ఒక పోగు లేస్తుంది. లోకంతో అతనికున్న సంబంధం అంతవరకే, అది అతనికి సరిపోయేది. దాన్ని దొరతనం అంటారని యాభై రెండేళ్ల వయసులో తెలియడం కొంచెం ఇబ్బంది పెట్టింది. ఇంటికి వెళ్లి అద్దంలో చూసుకున్నాడు. దొరలాగైతే కనపడలేదు. కాని దొరలు కూడా అద్దంలో మామూలుగానే కనపడి ఉంటారు కదా అనిపించి, ఆ సంగతి అక్కడితో వదిలేశాడు.

అసలు ఇబ్బంది చొక్కా జేబులో ఉంది. నాలుగు మడతల గ్రాఫు కాగితం. ఈసారి పండుగ చీర అంచు కోసం అతను ముందే గీసి పెట్టుకున్న డిజైన్.

అతని తల్లి మొగిలవ్వ నలభై ఏళ్లు బీడీలు చేసింది. తునికాకు మీద రేకు ముక్క పెట్టి కత్తెరతో కొలత ప్రకారం కత్తిరిస్తే, బీడీకి పనికొచ్చే ముక్క చేతిలోకి వస్తుంది, పనికిరాని తునక చాటలో పడుతుంది. ఒక పక్క గుండ్రంగా, ఒక పక్క నిట్టనిలువుగా, కొసన ఈనె తోకలా. చిన్నప్పుడు అతని ఆటబొమ్మలు ఆ తునకలే. ఆమె చేతి నుంచి పోయిన బీడీలన్నీ ఎవరెవరి నోళ్లలోనో కాలిపోయాయి. నలభై ఏళ్ల పనిలో మిగిలింది ఆ తునక ఆకారం ఒక్కటే, అదీ అతని తలలో.

గీసిన రోజు ఆమెకు చూపించాడు.

"గిదేంది కొడుకా, నా చాటల తుక్కంత తీస్కపోయి చీర మీద వోసినవా?"

"మంచిగ లేదా అవ్వా?"

"తుక్కును ఎవలు జూస్తర్రా? పొయ్యిలేసేది." మొగిలవ్వ కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. "సరే తియ్యి. అస్తే కట్టుకుంట. కట్టుకొని ఒక్కసారి కిందికి జూసుకుంట, నాది నాకు కనవడుతదా అని."

అతనికి కావలసింది అంతే. పేరు వద్దు, శాలువా వద్దు. అవ్వ ఆ చీర కట్టుకుని ఒక్కసారి కిందికి చూసుకోవాలి.

మొదటి వర్క్‌షాపు జగిత్యాలలో జరిగింది. డిజైన్ సంగతి తర్వాత, ముందు మనం టీమ్ కావాలి అన్నారు కరుణాకర్ సార్. హైదరాబాదులో మూడు రోజుల శిక్షణ పొంది వచ్చిన మనిషి ఆయన. అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, ఒక నూలు కోను తెప్పించారు. పోగు కొస ఒకరు పట్టుకుని కోనును ఇంకొకరికి విసరాలి, విసిరేటప్పుడు వాళ్ల గురించి ఒక మంచి మాట చెప్పాలి.

"సార్, గట్ల ఇసిరితే సుట్లు వడతది," అన్నాడు లక్ష్మీరాజం.

"నో నెగెటివిటీ, టెక్నికల్."

కోను గాల్లోకి లేచింది. సుమిత్ర వీరేందర్ గురించి "తమ్ముడు ఫోన్ ఎత్తుతడు" అంది. వీరేందర్ సుమిత్ర గురించి "అక్క మీటింగుకు అస్తది" అన్నాడు. మంచి మాటలు రెండో చుట్టుకే అయిపోయాయి గాని కోను ఆగలేదు. పావుగంటలో పోగు సుమిత్ర గాజుల్లోంచి వీరేందర్ గడియారంలోకి, అక్కణ్నుంచి ఒక అజ్ఞాత సభ్యుడి కళ్లజోడు మీదుగా కరుణాకర్ సార్ ఐడీ కార్డులోకి చేరింది. భోజనాలు వచ్చాయి. ఎవరూ కదల్లేకపోయారు.

"కత్తెర తేర్రి!" అని అరిచాడు వీరేందర్.

కత్తెర మాట వినగానే లక్ష్మీరాజం వేళ్లు వాటంతట అవే లేచాయి. పోగును తెంపకుండా చిక్కు తీయడం నేతవాళ్ల వేళ్లకు పుట్టుకతో వచ్చిన రోగం. నేల మీద మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కరినీ విడిపించాడు. విడిపడినవాళ్లు విడిపడినట్టే బిర్యానీ దగ్గరకు వెళ్లారు. చివరి ముడి విప్పి అతను లేచేసరికి బిర్యానీలో ఆకులు మిగిలాయి.

మరునాటి పేపర్లో ఫోటో వచ్చింది. పోగులో చుట్టుకుని నవ్వుతున్న పది మంది, కింద ఒక చెయ్యి. మినిట్స్‌లో కరుణాకర్ సార్ ఇలా రాయించారు: 'సభ్యుల మధ్య విడదీయరాని బంధం ఏర్పడినది.'

రెండో వర్క్‌షాపు కోరుట్లలో. ఐడియేషన్.

"జగిత్యాల అంటే మామిడికాయ," అంది సుమిత్ర. "అంచుకు మామిడికాయ లేకపోతే మా రైతులకు మొఖమెట్ల సూపెట్టాలె?"

"అక్కా, మామిడికాయ పాత ముచ్చట. ప్రతి చీర మీద ఉంటది. పసుపుకొమ్ము వెట్టుర్రి. గిప్పటిదాక ఏ చీర మీదన్న పసుపుకొమ్ము అచ్చిందా?"

"ఎందుకు రాలేదంటే తమ్మీ, గది జూస్తే అల్లం లెక్క ఉంటది."

వీరేందర్ లేచి నిలబడ్డాడు. "ఎవలన్నరు అల్లమని? కోరుట్ల పసుపును పట్టుకొని అల్లమంటరా? నేను వాకౌట్ చేస్తున్న."

"సూపర్!" అన్నారు కరుణాకర్ సార్. "దీన్నే క్రియేటివ్ టెన్షన్ అంటారు. రాసుకోండి."

వీరేందర్ వాకౌట్ చేసి, బయట ఎండగా ఉండడంతో లోపలికి వచ్చాడు. ఆలోగా బుగ్గారం నుంచి వచ్చిన ఒక అజ్ఞాత సభ్యుడు తాటిచెట్టు కావాలన్నాడు. మధ్యాహ్నానికి మూడూ ఖాయమయ్యాయి: మామిడికాయ, పసుపుకొమ్ము, తాటిచెట్టు. అప్పుడు కరుణాకర్ సార్ పెద్దమనసుతో, "టెక్నికల్, నువ్వు కూడా ఏమైనా కాంట్రిబ్యూట్ చేస్తావా?" అన్నారు.

లక్ష్మీరాజం జేబులోంచి కాగితం తీసి విప్పాడు. పది తలలు దాని మీదికి వంగాయి.

"గిదేంది, పురుగు కొరికినట్టు?" అన్నాడు వీరేందర్.

"బీడీ ఆకు కత్తిరించినంక మిగిలే తునక, అన్నా."

"మిగిలేదా?" కరుణాకర్ సార్ కళ్లజోడు తీశారు. "ప్రభుత్వ చీర మీద మిగిలింది పెడితే మెసేజ్ ఏం వెళ్తుంది? ప్రజలకు మిగిలింది ఇస్తున్నాం అనా? అయినా నా నిర్ణయం రుద్దను. ఇది టీమ్. తీసెయ్యాలి అనేవాళ్లు చేతులెత్తండి."

పది చేతులు లేచాయి. కరుణాకర్ సార్ లెక్కపెట్టి, "పదకొండు. ఏకగ్రీవం," అన్నారు.

పదకొండోది ఎవరిదా అని లక్ష్మీరాజం తలెత్తి చూశాడు. తనదే.

కోరుట్ల నుంచి సిరిసిల్లకు తిరిగొచ్చే బస్సులో, రుద్రంగి దాటేదాకా అతను ఒళ్లో పెట్టుకున్న ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు తను చెప్పిన గడి తప్ప ఇంకో గడి నింపని చెయ్యి. అది తనను అడక్కుండా ఎప్పుడు లేచింది? అందరి చేతులూ లేచినప్పుడు ఆ గదిలో గాలి పైకి వెళ్లినట్టయింది, దాంతో పాటే వెళ్లినట్టుంది. భయపడలేదు, ఎవరూ బెదిరించలేదు. ఒక్క క్షణం హాయిగా కూడా ఉంది. ఆ హాయి గుర్తుకొచ్చినప్పుడే అతనికి నిజంగా సిగ్గేసింది. పక్క సీటు ముసలాయన అడిగాడు, "చేతికేమయింది బిడ్డా, దెబ్బతాకిందా?" "లేదే తాతా, చూస్తున్న," అన్నాడు.

ఇంటికొచ్చి మూడు బొమ్మలూ గ్రాఫు మీదకు ఎక్కించడం మొదలుపెట్టాడు. రోజుకు నాలుగు ఫోన్లు. "మామిడికాయకు పసుపుకొమ్ము తాకొద్దన్నా," అంటుంది సుమిత్ర. "మామిడికాయ నీడ గూడ మా పసుపు మీద వడొద్దు రాజమన్నా," అంటాడు వీరేందర్. తాటిచెట్టు ఎవరినీ తాకనంటుంది. అందుకని అతను మూడింటి మధ్యా జాగా వదిలాడు. బొమ్మల గడులన్నీ నింపాక పెన్సిలు చెవి మీద పెట్టుకుని దూరం జరిగి చూశాడు.

బొమ్మలు బొమ్మల్లాగే ఉన్నాయి. వాటి మధ్య మిగిలిన జాగా మాత్రం ఒక పక్క గుండ్రంగా, ఒక పక్క నిలువుగా ఉంది.

చాలాసేపు చూశాడు. తర్వాత మామిడికాయను నాలుగు పోగులు ఎడమకు, పసుపుకొమ్మును రెండు పోగులు కిందికి జరిపాడు. జాగాకు ఈనె తోక కూడా వచ్చింది. ఇది మోసమా అని తనను తాను అడిగాడు. మిగిలిన జాగా మీద కమిటీ తీర్మానమేదీ లేదు.

నమూనా నేసే సాంచా ఎల్లన్నది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే షెడ్డులో పని నేర్చినవాళ్లు. నమూనా చీర ఎక్కించిన మూడో రోజు మంత్రిగారు కమిటీతో సహా చూడటానికి వచ్చారు. టీవీవాళ్ల కోసం సాంచాలు ఆపొద్దన్నారు. పదహారు సాంచాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్క మనిషి మాట కూడా చెవిన పడదు. అందుకే ఆ షెడ్డుల్లో పనిచేసేవాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. నీళ్లకు ఒక సైగ, పోగు తెగితే ఒక సైగ, సేటు వస్తున్నాడంటే ఒక సైగ.

ఇలాంటి అంచును బోర్లా నేస్తారు. మంచి దిక్కు కిందికి ఉంటుంది, ఉల్టా దిక్కు పైకి కనపడుతుంది. బొమ్మలు నేసే పసుపు రంగు పోగు మంచి దిక్కున ఎక్కడ కనపడదో, ఉల్టా దిక్కున అక్కడ కనపడుతుంది. కాబట్టి మంత్రిగారి కళ్ల ముందు ఆకుపచ్చ బట్ట మీద మామిడికాయ లేదు, పసుపుకొమ్ము లేదు, తాటిచెట్టు లేదు. వాటి మధ్య మిగిలిన జాగా మాత్రమే పసుపుపచ్చగా మెరుస్తోంది. వరసగా, ఆకు తునకలు.

సుమిత్ర వంగి వెతికింది. లేచి వీరేందర్ మొఖం చూసింది. వీరేందర్ అప్పటికే వెతికి లేచి ఆమె మొఖం చూస్తున్నాడు. తనది కనపడలేదంటే, ఎదుటివాళ్లది కనపడుతోందేమో. ఇద్దరూ ఒకేసారి తల ఊపారు, బాగుందన్నట్టు. ఏడుగురు అజ్ఞాత సభ్యులూ ఊపారు.

ఎల్లన్నకు పెద్దమనుషుల మీద జాలేసింది. మంత్రిగారి ముందుకు వచ్చి కుడిచెయ్యి ఎత్తి, అరచేతిని అటు నుంచి ఇటు తిప్పాడు. ఇది ఉల్టా దిక్కు సార్, తిప్పి చూడాలె, అని దానర్థం.

ఒక కార్మికుడు అలా చెయ్యెత్తి పలకరించడం మంత్రిగారిని కదిలించింది. ఆయనా చెయ్యెత్తి అరచేతిని తిప్పారు. కరుణాకర్ సార్ తిప్పారు. సుమిత్ర, వీరేందర్, ఏడుగురూ తిప్పారు. ఎల్లన్న నోరు తెరిచి లక్ష్మీరాజం వైపు చూశాడు. లక్ష్మీరాజం సాంచా వైపు చూశాడు.

బయటికి వచ్చాక మంత్రిగారు అడిగారు, "అందరియి అచ్చినయా?"

"మా మామిడికాయ అయితే మస్తు అచ్చింది సార్," అంది సుమిత్ర.

"పసుపుకొమ్ము ముట్టుకుంటే చేతికి అంటుతదేమో అన్నట్టున్నది," అన్నాడు వీరేందర్.

"నాకైతే గందుల ప్రజలే కనవడ్డరు," అన్నారు మంత్రిగారు, కళ్లు తుడుచుకుని.

సాయంత్రానికి రెండు ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి: గౌరవ మంత్రిగారు చూసి ఆమోదించిన దిక్కే చీరకు మంచి దిక్కు; మడత పెట్టేటప్పుడు ఆ దిక్కే బయటికి ఉండాలి. రెండు: కార్మికుల నుంచి పుట్టిన ఆ చేతి సైగ ఇకపై మిషన్ అధికారిక వందనం.

"రాజమన్నా, ఉల్టా దిక్కును ఖాయం జేసిండ్రేందే?" అన్నాడు ఎల్లన్న.

"చేసిండ్రు."

"నువ్వు జెప్పకపోతివి?"

"చప్పుడుల ఇనవడలే."

"బయటికచ్చినంక చప్పుడు లేకపాయె గదనే!"

లక్ష్మీరాజం చెవి మీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఉన్న జవాబు చెప్పేది కాదు.

చీరల పంపిణీ కోరుట్ల మైదానంలో. మొదటి చీరను వయసులో పెద్దదైన బీడీ కార్మికురాలికి ఇవ్వాలని కమిటీ తీర్మానించింది. టెక్నికల్ వాళ్లమ్మ అయితే కారు పంపే పని ఉండదని, అతనే బస్సులో తీసుకొస్తాడని అందరూ ఒప్పుకున్నారు. వేదిక మీద పెద్ద ఫ్లెక్సీ: 'ఒక్క చీర, వందల చేతులు.' డిజైన్ బృందం పేర్లు పదీ ఉన్నాయి. పదకొండో పేరు దగ్గర 'తదితరులు' అని ఉంది. తదితరులకు వేదిక మీద కుర్చీ లేదు కాబట్టి లక్ష్మీరాజం కింద, బారికేడ్ల పక్కన, ఎల్లన్నతో నిలబడ్డాడు.

మొగిలవ్వ మెల్లగా మెట్లెక్కింది. మంత్రిగారు ఆమె చేతుల్లో చీర పెట్టి, మైదానం వైపు తిరిగి మిషన్ వందనం చేశారు. మైదానమంతా చెయ్యెత్తి అరచేతులు తిప్పింది. వేల చేతులు, అటు నుంచి ఇటు.

మొగిలవ్వ ఆగిపోయింది. ఆమె మొగుడు సాంచాల మీద బతికిన మనిషి. ఇరవై ఏళ్లు ఆమె ఆ షెడ్డుకు సద్ది మోసింది. ఆ చప్పుడులో మొగుడితో మాట్లాడిన మాటలన్నీ చేతులతోనే. మైదానాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. చేతిలో చీరను చూసింది, కళ్లు ఆనక బొటనవేలితో అంచును రాసి చూసింది. ఉల్టా దిక్కునే తేలే వదులు పోగులు వేలికి తగిలాయి.

"అయ్యో, నిజమే," అంది. మాట మైకులో పడింది. "ఉల్టా ఉన్నదని గింతమంది జెప్తున్నరు గదా సారూ. ఆగుర్రి, తిప్పుత."

కరుణాకర్ సార్ ముందుకొచ్చేలోపే మడత విప్పి చీరను తిప్పేసింది. ఆకుపచ్చ మీద పసుపుపచ్చగా మామిడికాయలు, కొమ్ములు, తాటిచెట్లు టీవీ కెమెరాలకు ఎదురుగా వరసగా నిలిచాయి.

"గీ మామిడికాయలేంది?" అంది సుమిత్ర నిలబడి. "ఎవల పర్మిషన్‌తోని వెట్టిండ్రు? మనం ఖాయం జేసింది గిది గాదు గదా!"

"మరి గీ అల్లమేంది?" అన్నాడు వీరేందర్.

"అవ్వా, అది రాంగ్ సైడ్," అన్నారు కరుణాకర్ సార్ నవ్వుతూనే, పళ్ల మధ్య నుంచి.

"నాకు జెప్తున్నవా బిడ్డా? నేను నేతోళ్ల కోడల్ని. గిదే మంచి దిక్కు."

మంత్రిగారు నవ్వారు. మైకును చేత్తో మూయబోయి, మూయడం మరిచి అడిగారు, "టెక్నికల్ ఎక్కడున్నడయ్యా? ఏది మంచి దిక్కో గాయినె జెప్తడు. చెప్పుమనుర్రి, బంద్ జేద్దాం గీ పంచాతి."

వేదిక మీది పది మొఖాలు బారికేడ్ల వైపు తిరిగాయి. కెమెరాలు తిరిగాయి. ఎల్లన్న పక్కకు జరిగి జాగా ఇచ్చాడు. లక్ష్మీరాజానికి ముప్పై ఏళ్ల పని తెలుసు. అవ్వ పట్టుకున్నదే మంచి దిక్కు, ఏ నేతగాడిని అడిగినా అదే చెబుతాడు. ఉల్టా దిక్కున ఏముందో కూడా ఆ మైదానంలో తెలిసింది అతనికొక్కడికే. మైకు అతని దాకా రాదు. అక్కర్లేదు కూడా. వేదిక మీద నుంచి అవ్వ అతన్ని వెతికి పట్టుకుంది. ఒకప్పుడు షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగినట్టే గడ్డం ఎత్తి అడిగింది: ఏంది?

చీర ఆమె నడుము మీదికి వేలాడుతోంది. తిప్పితే, ఒక్కసారి కిందికి చూసుకుంటే చాలు.

ఇప్పుడు మైదానంలో ఒక్క చెయ్యీ లేచి లేదు. లక్ష్మీరాజం చెయ్యెత్తాడు. ఈసారి అది తనదేనని ముందే తెలుసు. అరచేతిని అటు నుంచి ఇటు, మెల్లగా తిప్పాడు.